కార్చిచ్చు నార్పవలసిన వారెవరు?

ఉత్తరాఖండమున వేసవి యనిన యాత్రికులకు బదరీ కేదారములు జ్ఞప్తికి వచ్చును. అచ్చటి పల్లెవారికి పొగ జ్ఞప్తికి వచ్చును. 2016వ సంవత్సరమున అచ్చట నాలుగువేల హెక్టార్లకు పైబడిన యడవి దగ్ధమయ్యెను. 2021లో మరల నించుమించుగా అంతయే కాలినది. 2024 ఏప్రిల్ నెలలో మంటలు నైనీతాల్ పట్టణపు పొలిమేరకు రాగా, వైమానిక దళమువారి హెలికాప్టరు భీమ్‌తాల్ చెరువున నీరు ముంచి కొండలపై గ్రుమ్మరింపవలసి వచ్చెను. ఆ సంవత్సరమే జూన్ 13వ తేదీన అల్మోరా జిల్లాలోని బిన్సర్ అభయారణ్యమున మంట నార్పబోయిన సిబ్బంది ఎనమండుగురు అగ్నివలయమున చిక్కుకొనిరి. నలుగురు అక్కడికక్కడనే ప్రాణములు విడిచిరి; కాలిన గాయములతో ఆస్పత్రి చేరినవారిలోను కొందరు దక్కలేదు. చనిపోయినవారు పై యధికారులు గారు. కొండ యెక్కి పచ్చి కొమ్మలతో మంటను బాదు క్రింది మెట్టు నౌకరులు.

ఆ మరణముల పిమ్మట రాష్ట్ర ప్రభుత్వము ఇద్దరధికారులను సస్పెండు చేసినది. మరియొక పై యధికారిని స్థానమునుండి తప్పించినది. ఇది జరుగవలసిన పనియే కావచ్చును. కాని ఏటేట వచ్చు విపత్తునకు ఏటేట నొక యధికారిని బలియిచ్చుటయే పరిపాలనయని యెవరును భ్రమపడరాదు. ఈ మంటలను గూర్చి దేశమున సాగుచున్న వాదోపవాదములను మేము కొంతకాలముగా పరికించుచున్నాము. నిప్పు పెట్టినవాడెవడని అందరు నడుగుచున్నారు. ఆర్పవలసినవాడెవడు, వాడేల రాకపోయెనని యడుగువారు మాత్రము తక్కువగా నున్నారు. మా దృష్టిలో రెండవ ప్రశ్నయే ముఖ్యమైనది.

2024 మే 8వ తేదీన ఆ రాష్ట్రపు ప్రభుత్వము సుప్రీముకోర్టునకు విన్నవించుకొన్న లెక్కలు పాఠకులు గమనింపదగినవి. అంతకు ముందటి నవంబరు నుండి 398 మంటలు పుట్టినవట. అన్నియు మానవులు పెట్టినవేనట. 350 క్రిమినలు కేసులు దాఖలైనవట. వానియందు పేరు తెలిసిన ముద్దాయీలు 62 మంది. తక్కిన కేసులలో ముద్దాయి యెవడో పోలీసువారికే తెలియదు. రాష్ట్రపు టడవిలో వేయింట నొక వంతు మాత్రమే మంటలకు గురియైనదనియు ప్రభుత్వ న్యాయవాది సెలవిచ్చెను. ఇది యొక ఓదార్పువలె వినబడుచున్నదే గాని, కాలినది ఏ వంతు? ఊరికి చేరువనున్న వంతు. పల్లె స్త్రీ గడ్డి కోసుకొను వంతు. క్రింది పల్లెకు ఊటబావి నీరిచ్చు వంతు. అడవి యంతటిని హరించి భాగించినచో ఎట్టి నష్టమైనను చిన్నదిగానే కనబడును.

ఇంకొక లెక్కయు నున్నది. దెహరాదూనునందే కార్యస్థానము గల భారత అటవీ సర్వేక్షణ సంస్థవారు ఉపగ్రహముల సాయమున దేశమందలి అగ్నిబిందువులను గుర్తించి ఎప్పటికప్పుడు రాష్ట్రములకు వార్త పంపుచుందురు. 2023 నవంబరు మొదలు 2024 జూన్ వరకు వారు ఉత్తరాఖండమున గుర్తించిన బిందువులు 21 వేలకు పైబడినవి. దేశమున ప్రథమ స్థానమదియే. ఒకే మంట పలుమారులు పలుచోట్ల ఉపగ్రహమునకు చిక్కును గనుక 398ని 21 వేలతో సరిపోల్చుట న్యాయము కాదని మే మెరుగుదుము. అయినను కంటికి కనబడినదానికిని కాగితమున కెక్కినదానికిని నడుమ ఇంత యగాధము న్నప్పుడు, వార్త యందుకొన్న తరువాత అచ్చటికి నడచిపోవుటకు మనుష్యులున్నారా యని యడుగుట మా ధర్మము.

మనుష్యులు లేరు. ఇది మా యూహ కాదు. అటవీశాఖవారిని ఎన్నికల పనికి పంపినారను మాట సుప్రీముకోర్టు ముందు బయటపడినది. కొండలు కాలుచున్న వేసవిలో అడవి కావలివాడు పోలింగు కేంద్రమునకు పోయినాడు. ఆ మే నెల 15వ తేదీన న్యాయమూర్తులు దీనిని తీవ్రముగా నిరసించి, అటవీ సిబ్బందిని గాని వారి వాహనములను గాని ఎన్నికలకును చార్‌ధామ్ యాత్రకును వినియోగింపరాదని యుత్తరువిచ్చిరి. రాష్ట్రము 10 కోట్లడుగగా కేంద్రము 3 కోట్ల చిల్లర మాత్రమేల యిచ్చెననియు ప్రశ్నించిరి. మేఘమథనముతోను వరుణదేవుని దయతోను పని జరుగదని అంతకు వారము ముందే వారు మందలించియుండిరి. ఖాండవ దహనమున సాక్షాత్తు ఇంద్రుడే కుంభవృష్టి కురిపించియు అడవిని రక్షింపలేకపోయెనని మన పురాణము చెప్పుచున్నది. ఉత్తరాఖండపు మంత్రులకు భారతము తెలియకపోదు.

ఇక నిప్పు సంగతి. ఆ కొండలలో చీడ్ అను పేరుగల దేవదారు జాతి చెట్టు సుమారు నాలుగు లక్షల హెక్టార్లలో వ్యాపించియున్నది. దాని యాకు సూదివలె సన్నమై, పొడవై, జిగురు గలదై యుండును. మార్చి కడపట మొదలిడి వేసవియెల్ల రాలుచునే యుండును. అచ్చటివారు దీనిని పిరూల్ అందురు. నేలపై నిది జానెడు మందమున పరచుకొనును. దీనిపై గడ్డి మొలవదు. పశువు నడచిన జారును. చుట్టముక్క పడిన రగులును. శీతకాలమున మంచు, వాన తగ్గిన యేట నేల ముందుగనే యెండిపోవును, 2024 అట్టిదే. పడమటి గాలి వీచినప్పుడు కొండ క్రింద పుట్టిన మంట శిఖరమునకు ప్రాకుటకు గంటలే చాలును.

ఈ చెట్టును దోషిగా నిలిపి, కొట్టివేయుడని కేకలు వేయువారు కొందరు గలరు. మేము వారితో ఏకీభవింపజాలము. చీడ్ ఆ కొండలకు క్రొత్తది కాదు, విదేశమునుండి వచ్చినదియు కాదు. కాని అది అంత విస్తారముగ ఊళ్ళ చెంత పెరుగుటకు కారణ మున్నది. ఆంగ్ల ప్రభుత్వమువారికి రైలుపట్టాల క్రింద వేయు దూలములు కావలెను. టర్పెంటైను తీయుటకు బంక కావలెను. పల్లెవానికి కావలసినది బాంజ్ అను సిందూర వృక్షము. దాని యాకు పశువుల మేత, దాని కొమ్మ వంటచెరకు, దాని వేళ్ళ క్రింద నీరు నిలుచును. దొరలకు బాంజ్ వలన రూపాయ రాదు. చీడ్ వలన వచ్చును. ఏ చెట్టు నిలిచినదో ఏ చెట్టు తగ్గినదో వేరుగ చెప్పనక్కరలేదు.

1911 మొదలు 1917 వరకు కుమావూఁ కొండలలో ఊరి చెంతనున్న యడవులను గూడ రిజర్వు చేసిరి. మేతకు హద్దు, కట్టెకు హద్దు, గడ్డి కొరకు ఆకు కాల్చుట నేరము. దీనికి తోడు అధికారుల సామానులు మోయు వెట్టి. 1921 జనవరిలో సరయూ తీరమున బాగేశ్వర్ ఉత్తరాయణ తిరునాళ్ళలో బదరీదత్త పాండే మొదలగువారి నాయకత్వమున జనులు వెట్టి పట్టీలను నదిలో పారవైచి, ఇక మోయమని ప్రమాణము చేసిరి. ఆ వేసవియందే కుమావూఁ అడవులు తగులబడినవి. అవి పొరపాటున పుట్టిన మంటలు కావు. పల్లెవారే నిప్పుపెట్టిరి. అయితే ఇందొక విశేషమున్నది. వారు కాల్చినది సర్కారునకు సొమ్ము దెచ్చు చీడ్ అడవిని. బాంజ్ వనముల జోలికి పోలేదు. ఈ సంగతిని చరిత్రకారుడు రామచంద్ర గుహా తన గ్రంథమున విశదపరచియున్నాడు. తనదనుకొన్న చెట్టును కాపాడి, పరులదనుకొన్న చెట్టును కాల్చిన రైతు మతిలేనివాడు కాడు.

అప్పటి ప్రభుత్వము సైతము దీనిని గ్రహింపక తప్పలేదు. విచారణ సంఘమును వేసి, కొన్ని యడవులపై కట్టుబాటులు సడలించి, 1931లో వన పంచాయతీల నిబంధనలు చేసెను. గ్రామస్థులే పంచులనెన్నుకొని, కావలివాని నుంచుకొని, గడ్డి కోతకు దినములేర్పరచుకొని, తప్పు చేసినవానికి జరిమానా వేయు సంస్థ యది. ఉత్తరాఖండమున నేడును ఇట్టివి 11 వేలకు పైగా నున్నవి. దేశమున ఇంత ప్రాచీనమైన, ఇంత విస్తృతమైన గ్రామ వన పాలన మరియొకచోట నున్నదని మేమెరుగము. ఇట్టి సాధనము చేతనుంచుకొని హెలికాప్టరు కొరకు ఆకాశమువంక చూచుట వింత. పంచాయతీలకు అధికారము క్రమక్రమముగా తగ్గించి అటవీశాఖ యాజమాన్యము క్రిందికి తెచ్చిరి. చేతికి సొమ్ము రాదు. చేయుటకు ప్రతిదానికి అనుమతి కావలెను. మంట పుట్టినప్పుడు మాత్రము పంచులేమి చేయుచున్నారని యడుగుదురు.

ఆంధ్ర పాఠకులకు ఈ కథ పరాయిది కాదు. కుమావూఁ కొండలు కాలిన ఆ 1921లోనే పల్నాటి రైతులు పుల్లరి కట్టము పొమ్మనిరి. తమ పశువులు తరతరములుగా మేసిన బీటిలో మేపుటకు సర్కారునకు పన్నేలయని వారడిగిన ప్రశ్నకు బదులుగా 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు గుండెలో తుపాకి గుండ్లు దిగినవి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము మన్యపువాని పోడును నేరము గావింపగా, నలువది సంవత్సరముల తరువాత అల్లూరి సీతారామరాజు వెంట ఆ కొండవారు నడచిరి. నాడు మన పెద్దలు అడవి చట్టములను ఏ యుద్దేశముతో నిరసించిరో, స్వరాజ్యము వచ్చిన తరువాతను ఆ చట్టముల యెముకలే మన యడవులను మోయుచున్నవని చెప్పుటకు మేము సంకోచింపము. 1927 నాటి భారత అటవీ చట్టము నేటికిని ఉత్తరాఖండమున నమలులో నున్నది. దాని 26వ సెక్షను ప్రకారము రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట నేరము. 79వ సెక్షను ప్రకారము అడవిలో హక్కు ననుభవించువాడు మంట నార్పుటకు రావలెను, రానిచో శిక్షార్హుడు. హక్కునకు ప్రతిగా బాధ్యత యనుట న్యాయమే. హక్కును క్షీణింపజేసి బాధ్యతను మాత్రము నిలిపియుంచుట వెట్టికి మారుపేరు.

అట్లని పల్లెవారు నిర్దోషులని మేము వాదింపము. లేతగడ్డి కొరకు ఆకు కాల్చువారున్నారు. పొలము గట్టు చెత్తకు నిప్పిడి ఇంటికి పోవువారున్నారు. త్రోవన పోవుచు చుట్ట విసరువారున్నారు. వినోదమునకై మంట పెట్టి దృశ్యమును ఫోనులో చిత్రించు దుర్మార్గులును ఇటీవల బయలుదేరినారు. అట్టివారిని శిక్షింపవలసినదే. కాని నిప్పంతయు పాపము కాదని అటవీశాస్త్రజ్ఞులకే చిరకాలముగా తెలియును. బర్మా టేకు అడవులలో నిప్పును బొత్తిగా నిషేధించుటవలన టేకు మొలకలు తక్కిన పొదలలో చిక్కి చచ్చుచున్నవని స్లేడ్ అను అటవీ అధికారి 1896లోనే ఇండియన్ ఫారెస్టర్ పత్రికలో వ్రాసెను. అతనిని పై వారు చాలకాలము లెక్కచేయలేదు. చీడ్ అడవులలో చలికాలమున, నేల చెమ్మగా నున్నప్పుడు, ఆకును కొద్దికొద్దిగా శాఖవారే కాల్పించు పద్ధతి యున్నది. జనవరిలో గార్డు చేత పెట్టించిన నిప్పు శాస్త్రము. ఏప్రిల్‌లో రైతు పెట్టిన నిప్పు నేరము. ఈ రెండింటికిని నడుమ జనవరిలో రైతును గార్డును కలిసి నిప్పుపెట్టనిచ్చు మార్గమొకటి యున్నది గదా! పంచాయతీ తీర్మానముతో, దినము నిర్ణయించి, గాలి చూచి, చుట్టును గీత తీసి కాల్చినచో మేలో వచ్చు కార్చిచ్చునకు మేత యుండదు. ఆస్ట్రేలియాలో 2019-20 వేసవి మంటలలో మూడువేలకు పైగా ఇండ్లు కాలిన తరువాత నియమింపబడిన రాయల్ కమీషను సైతము ఆదివాసుల భూపోషణ జ్ఞానమును వినియోగింపుడని సిఫారసు చేసియున్నది. అంత దూరము పోయి నేర్చుకొనవలసినది మనకేమున్నదని కొందరందురు. మా యభిప్రాయమును అదియే. కాని మన యింటిలోనిది మనకు గనబడుటలేదు.

పిరూలు నేమి చేయవలెనను ప్రశ్నకు సమాధానము లేకపోలేదు. ఏరి ఇటుకలు చేసి పొయ్యిలో వాడవచ్చును, విద్యుత్తు తీయవచ్చును. 2024 మే నెలలో ముఖ్యమంత్రి శ్రీ పుష్కర సింగ్ ధామీ పిరూల్ తెచ్చినవారికి కిలోకు 50 రూపాయలిత్తుమని ప్రకటించిరి. మంచిదే. కాని ఆ ప్రకటన వెలువడునప్పటికి అడవి కాలుచుండెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయను సామెత ఇంత యక్షరాలా నిజమగుట మేమెన్నడును చూడలేదు. ఆకు కొనుగోలు కేంద్రము మార్చిలో తెరువవలెను. ఊరికి రెండుమైళ్ళలో నుండవలెను. తూచిననాడే సొమ్ము చేతిలో పడవలెను. కొండ యెక్కి, జారు నేలపై ఆకు నెత్తి, మోపుకట్టి దింపు స్త్రీకి వాయిదాలు చెప్పరాదు.

పార్లమెంటు సంఘము 2016 డిసెంబరులో అడవి మంటలపై సమగ్రముగా నొక నివేదిక సమర్పించెను. ఆ సంఘమునకు అప్పుడధ్యక్షురాలు మన తెలుగు బిడ్డ శ్రీమతి రేణుకా చౌదరి యగుట పాఠకులకు జ్ఞాపకముండవచ్చును. త్రోవల వెంబడి పిరూలును తొలగింపుడని వారప్పుడే చెప్పిరి. 2018లో కేంద్రము జాతీయ కార్యప్రణాళికను ప్రకటించెను. అందును గ్రామస్థుల సహకారమును గూర్చి చక్కని మాటలున్నవి. ఆ మాటలను వ్రాసినవారిని మేము తప్పుపట్టము. వానికి వెనుక రొక్కము, మనుష్యులు నేల లేరో చెప్పవలసినవారు వేరు.

మా వాదమునకు బలమైన ఆక్షేపణ యొకటి గలదు. దానిని దాటవేయుట మాకిష్టము లేదు. పల్లెకు అడవినప్పగింపుమందురే, పల్లెలో నెవరున్నారు? యువకులు ఢిల్లీకి, దెహరాదూనుకు పోయిరి. మెట్టచేలు బీడుపడినవి; ఆ బీళ్ళలో చీడ్ మొలకెత్తి ఇంటి గోడవరకు వచ్చినది. కొన్ని గ్రామములలో తాళములు తప్ప మనుష్యులు లేరు. మిగిలినది వృద్ధులు, స్త్రీలు. నిజమే. కాని మంట వచ్చినప్పుడు నేడు కుండతోను కొమ్మతోను ముందు నిలుచుచున్నది ఆ స్త్రీలే. మహిళా మంగళ దళముల పేర అడవిని కాచుచున్నదియు వారే. వారికి జీతము లేదు, బీమా లేదు, కాలికి తగిన చెప్పు లేదు. నాలుగు నెలలకు ఊరికి నలుగురిని కావలికి నియమించి, నెలకూలి యిచ్చి, ప్రాణమునకు బీమా కట్టినచో పట్నమునకు పోయినవారిలో కొందరైన మరలివత్తురు. ఒక్క హెలికాప్టరు దినమునకగు వ్యయముతో ఎన్ని గ్రామములను కావవచ్చునో రాష్ట్రమువారు లెక్కవేసి శాసనసభ ముందుంచిన బాగుండును.

1981లో వేయి మీటర్లకు పైన పచ్చిచెట్టు నరకుట నిషేధించిరి. చిప్కో యుద్యమమువలన కలిగిన ఆ నిషేధము కంట్రాక్టరుల గొడ్డలినాపినది. దానిని ఎత్తివేయుమను కలప వర్తకుల కోర్కెను మేము సమర్థింపము. ఊరి పొలిమేరలో మాత్రము, పంచాయతీ చేతిమీదుగా, చీడ్ పిల్లమొక్కలను పలుచజేసి బాంజ్ నాటుటకు దారి యుండవలెను. కలప అమ్మకము ఊరి ఖాతాలో పడవలెనే గాని వేలముపాటలో కాదు.

మన సంగతి. పైన చెప్పిన అగ్నిబిందువుల పట్టికలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు వెనుక వరుసలో లేవు. ఒక్కొక్కటియు పదివేల సంఖ్యను మించినది. 2014 మార్చిలో తిరుమల శేషాచలము మంటల కొరకు మనమును హెలికాప్టర్లను పిలిపించుకొన్నవారమే. మనకు చీడ్ లేదు. ఎండిన గడ్డి, రాలిన టేకాకు, వెదురు ఉన్నవి. ఇప్పపువ్వు కనబడుటకై చెట్టు క్రింద చెత్త కాల్చువారు, తునికాకు చిగురు త్వరగా వచ్చుటకై పొదలకు నిప్పుపెట్టించువారు, అడవి యంచున తోట చెత్త తగులబెట్టు భూస్వాములును మనలో నున్నారు. కడపటివారిలో మా పాఠకులు కొందరుండవచ్చును. వారు మామీద ఆగ్రహింపకుందురు గాక. నల్లమలలో త్రోవ తెలిసినవాడు చెంచు. 1992 మొదలు పుట్టించిన వన సంరక్షణ సమితులు పరాయి సొమ్ము వచ్చినన్నాళ్ళు బోర్డులతో వెలిగి, పిదప పెక్కుచోట్ల పేరుకు మిగిలినవి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము ఊరికి తన యడవిని కాపాడుకొను అధికారమునిచ్చుచున్నది. ఆ సామూహిక హక్కు పత్రములను ఎన్ని గూడెములకిచ్చితిరని ఉభయ ప్రభుత్వములను శాసనసభ్యులు అడుగవలెను.

మన యడవులలో మంట ఫిబ్రవరిలో మొదలగును. కావున ఫైరులైన్లు సంక్రాంతి నాటికి తీయవలెను. కావలివారిని అప్పటికే నియమింపవలెను. తునికాకు కంట్రాక్టులో నిప్పు పెట్టించిన కంట్రాక్టరు ధరావత్తు జప్తగునను షరతు వేలముపాటకు ముందే చేర్చవలెను. ఎన్నికలు వచ్చినను రాకున్నను అటవీ సిబ్బందిని వేరు పనికి పంపమని ఉభయ ముఖ్యకార్యదర్శులు వ్రాతమూలముగ నుత్తరువు చేయవలెను. సుప్రీముకోర్టు మాట ఉత్తరాఖండమునకు చెప్పినదే యని మనవారు చేతులు ముడుచుకొని కూర్చుండుటకు వీలులేదు.